సామ్రాజ్యములు పోవును, ఊళ్లు నిలుచును
(కోవిల్‌పట్టిలో మన సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మేము పండితులము కాము. మెట్రిక్ పరీక్షతో చదువు చాలించి తండ్రిగారి మండీలో కూర్చున్నవారము. ప్రత్తి, పప్పులు, మిరపకాయలు తూచుటయందే ఇరువదియైదేండ్లు గడచినవి. అట్టి మేము సామ్రాజ్యములను గూర్చి ప్రసంగించుట సాహసమే. అయినను ఈ విషయము మేము కోరి యెన్నుకొన్నది కాదు. మా యింటనే పుట్టినది.

కొన్ని నెలల క్రిందట మా కుమారుడు బడినుండి వచ్చి సంచి క్రింద పెట్టకుండనే, “నైనా, మనము ఈ దేశమును ఏలినవాండ్లమా, బ్రతుకను వచ్చినవాండ్లమా?” అని యడిగినాడు. ఆ దినము తరగతిలో కట్టబొమ్మని పాఠము జరిగినదట. ఒక బాలుడు “మీవాండ్లే కదా రాజులు” అనెనట. మరియొకడు “మీరు వందేఱులు” అనెనట. ఆ తమిళపు మాటకు అర్థము మనలో ఎవ్వరికిని చెప్పనక్కఱలేదు. పదునొకండేండ్ల బిడ్డ ఒకే పూట రాజుగాను, పరదేశిగాను ఇల్లు చేరినాడు. మాకు వెంటనే సమాధానము తోచలేదు. “అన్నము తిను, తరువాత చెప్పెదను” అంటిమి. ఆ తరువాత చెప్పవలసినదే నేడు మీ యెదుట చెప్పుచున్నాము.

మొదట సామ్రాజ్యమన నేమి? వర్తకుని బుద్ధికి తోచినట్లు చెప్పెదము. రాజ్యమన్నది ఒక్క ఊరి కొట్టువంటిది. యజమాని గల్లాపెట్టె యొద్ద కూర్చుండి అందఱను కంటితో చూడగలడు. సామ్రాజ్యమన్నది దూరదేశములయందు శాఖలు గల వ్యాపారము. యజమాని ఎచ్చటనో యుండును. అతని భాష వేఱు, సరుకు పండించువాని భాష వేఱు. కావున అతడు స్వయముగా వసూలు చేయజాలడు. నడుమ గుమాస్తాలు కావలెను. కత్తితో దేశమును గెలువవచ్చును గాని, కత్తితో ప్రతి పొలమునకు పోయి పన్ను తీయుట సాధ్యము కాదు. ఏ సామ్రాజ్యమునకైనను సైన్యము మొదటి అవసరమైనచో, నడుమ నుండు మనుష్యుడు రెండవది, లెక్క మూడవది. ఆ నడుమ మనుష్యుని చరిత్రయే మన పూర్వుల చరిత్రలో అధికభాగము.

విజయనగరము 1336లో స్థాపితమయ్యెనని చెప్పుదురు. 1371 ప్రాంతమున కుమార కంపనుడు దక్షిణమునకు దండెత్తి మధురలోని సుల్తానుల పాలనను కూలద్రోసెను. ఆ విజయమును అతని భార్య గంగాదేవియే సంస్కృత కావ్యముగా వ్రాసెను. అటు పిమ్మట 1509 మొదలు 1529 వఱకు ఏలిన శ్రీకృష్ణదేవరాయల పేరు చెప్పగానే మనకు రొమ్ము పొంగును. పొంగుట తప్పు కాదు. ఆయన తెలుగులో వ్రాసిన ఆముక్తమాల్యద కథ జరిగినది ఎచ్చటనో కాదు, మన విరుదునగరు జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరిలో. తుంగభద్ర యొడ్డున నున్న చక్రవర్తి, కృష్ణాతీరమున తెలుగులో వ్రాయుమని స్వప్నమున ఆజ్ఞ పొంది, తమిళ దేశపు కన్య ఆండాళ్ కథను కావ్యము చేసెను. చెరువులు కాలువలు త్రవ్వించి పేద రైతునకు పన్నులో సడలింపు చూపవలెననియు, రేవులను వృద్ధిచేసి దూరదేశపు వర్తకుల నాదరింపవలెననియు ఆయన ఆ గ్రంథమున రాజనీతి చెప్పెను.

అయినను ఒక్క మాట. “అది తెలుగు సామ్రాజ్యము” అని మన సభలలో తఱచు వినుచుందుము. అది సగము నిజము మాత్రమే. ఆ రాజుల శాసనములు కన్నడమున, తెలుగున, తమిళమున, సంస్కృతమున నున్నవి. ఒక్క భాషవారి సొత్తుగా నుండినచో అది అంత విశాలమై అన్నినాళ్లు నిలిచి యుండెడిది కాదు. పరుల సొమ్ము మన పద్దులో వ్రాసికొనుట వ్యాపారమున ఎట్టి దోషమో చరిత్రయందును అట్టిదే.

ఇక మన సీమకు వత్తము. విజయనగరమున నాయంకర మను పద్ధతి కలదు. చక్రవర్తి ఒక నాయకునకు సీమ నిచ్చును. ఆ నాయకుడు అందుకు బదులుగా సైన్యమును పోషించి, నిర్ణయించిన కప్పమును చెల్లించును. మధురలో విశ్వనాథ నాయకుడు ఆ విధముగానే పాలన నారంభించెను. ఆరంభ సంవత్సరము 1529 అని సంప్రదాయము. ఆయన మంత్రి అరియనాథ ముదలియారు తమిళుడు. వారిరువురును కలిసి సీమను 72 పాళెములుగా పంచిరని ప్రసిద్ధి. పాళెగాడు తన పాళెమున శాంతి కాపాడి, కావలి కాచి, పన్ను వసూలుచేసి, అందు భాగమును మధురకు పంపి, యుద్ధము వచ్చినపుడు జనముతో పోవలెను. ఆ పాళెగాండ్రలో తెలుగువారును గలరు, మఱవలు మున్నగు తమిళులును గలరు. పాంచాలంకురిచ్చి, ఎట్టయాపురము తెలుగు పాళెములు. మధుర నాయకులు ఇంట తెలుగు మాటలాడినను మీనాక్షీ ఆలయమును పెంచిరి, తమిళమున శాసనములు వేయించిరి. 1623 మొదలు 1659 వఱకు ఏలిన తిరుమల నాయకుని మహలు నేటికిని మధురలో నిలిచి యున్నది. ఏలినవారు ఏలఁబడిన వారి దేవుని మ్రొక్కి, వారి భాషను ఆదరించినందుననే ఆ పాలన రెండువందల యేండ్లు సాగెనని మా అభిప్రాయము.

మఱి మన కుటుంబములన్నియు పల్లకీలలో వచ్చెనా? లేదు. పాళెగాండ్రు కొందఱే. వారి వెంట వచ్చిన సేద్యగాండ్రు, నేతగాండ్రు, పశువుల కాపరులు, చిన్న వర్తకులు వేలమంది. కొందఱు సైన్యము వెంట, కొందఱు కరవునకు, కొందఱు భయమునకు వచ్చిరి. మా అవ్వ చెప్పిన కథ మీ అవ్వలును చెప్పి యుందురు. తురకదొర తఱుముకొని రాగా మనవారు పిల్లాపాపలతో ఏటిగట్టున చిక్కుకొనిరట. ఏఱు నిండుగా పాఱుచుండెనట. అపుడు రెండు గట్టులనున్న కానుగచెట్లు వంగి వంతెనగా నిలిచెనట. ఆ కథ ఏ సంవత్సరమునదని అడుగరాదు. పరువెత్తి వచ్చిన జనము తమ భయమును, తమ కృతజ్ఞతను దాచుకొన్న మూట అది. గమనింపుడు, ఆ కథలో మనము ఏలికలము కాము, శరణార్థులము.

వచ్చిన తరువాత వారి కెదురైనది ఈ నల్లరేగడి. నది లేదు, కాలువ లేదు, వాన నమ్మరానిది. బావి త్రవ్వి, ముండ్లకంప కొట్టి, ప్రత్తి, కంబు, జొన్న వేసి ఈ నేలను ఊరుగా చేసిరి. ఆ చరిత్రను కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసేవల్ గ్రామమున పుట్టిన కి. రాజనారాయణన్‌గారు తమిళమున నవలగా వ్రాసిరి. గోపల్ల గ్రామము అను ఆ నవల 1976లో వెలువడెను. దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చెను. ఆయన 2021లో కీర్తిశేషులైరి. ఇంట తెలుగు మాటలాడిన మనిషి మన వలసకథను తమిళమున వ్రాసి తమిళుల మన్ననను పొందెను. దానిని మనము తెలుగులో వ్రాసికొనలేకపోయితిమి. ఈ మాట నిందగా గాదు, లెక్కగా చెప్పుచున్నాము.

సామ్రాజ్యము ఎట్లు కూలునో ఇపుడు చూతము. 1565 జనవరి 23న రాక్షసి-తంగడి యుద్ధమున విజయనగర సైన్యము ఓడెను. రాజధాని పాడయ్యెను. రాజులు పెనుగొండకు, చంద్రగిరికి, వేలూరికి తరలుచు పోయిరి. ఎక్కడి నాయకుడక్కడ స్వతంత్రుడయ్యెను. కేంద్రము బలముగా నున్నంతకాలము నడుమ మనుష్యుడు సేవకుడు, కేంద్రము సడలగనే అతడే యజమాని. 1639లో అట్టి యొక నాయకుడు, దామెర్ల వెంకటాద్రి నాయకుడు, సముద్రపు టొడ్డున ఇసుకనేలను ఒక ఆంగ్ల వర్తక కంపెనీకి ఇచ్చెను. అదే చెన్నపట్టణమయ్యెను. మరణించుచున్న సామ్రాజ్యము పుట్టబోవు సామ్రాజ్యమునకు స్థలమిచ్చుటను ఇంతకంటె స్పష్టముగా ఎచ్చట చూడగలము? అడిగినవారు సైనికులు కాదు, మావంటి వర్తకులు. కొట్టు పెట్టుకొనుటకే అడిగిరి.

1736లో మధుర రాణి మీనాక్షి చందాసాహెబు మాటను నమ్మి మోసపోవుటతో నాయకుల పాలన ముగిసెను. తరువాత ఆర్కాటు నవాబులు వచ్చిరి. నవాబు కంపెనీకి అప్పుపడెను. అప్పు తీర్చలేనివాడు తాకట్టు పెట్టును. 1792 ఒప్పందముతో పాళెగాండ్ర కప్పమును వసూలుచేయు హక్కు నవాబు పేరిట కంపెనీ చేతికి పోయెను. పెద్దలారా, ఈ దేశము ఒక్క యుద్ధములోనే పోలేదు. పద్దు పద్దుగా, వడ్డీ వడ్డీగా పోయినది.

పూర్వపు ఏలిక కప్పము తీసికొని, బదులుగా పాళెగాని కావలి హక్కును గౌరవించెడివాడు. కరవు వచ్చినచో బాకీ ఆగెడిది. కంపెనీకి బాకీ బాకీయే. 1798లో రామనాథపురమున కలెక్టరు జాక్సనుతో వీరపాండ్య కట్టబొమ్మని సమావేశము కలహముగా ముగిసెను. 1799 సెప్టెంబరులో మేజర్ బానర్మన్ పాంచాలంకురిచ్చి కోటను ముట్టడించెను. అక్టోబరు 16న, ఇచ్చటికి సమీపముననే యున్న కయత్తారులో, తక్కిన పాళెగాండ్రను పిలిపించి వారు చూచుచుండగా కట్టబొమ్మని ఉరితీయించెను. అతని తమ్ముడు ఊమైదురై 1801లో పాళయంకోట చెఱనుండి తప్పించుకొని కోటను మరల కట్టెను. మే నెలలో అదియును పడెను. కోటను నేలమట్టము చేసిరి. అదే సంవత్సరము కర్ణాటక రాజ్యమంతయు కంపెనీ పరమయ్యెను. 1803లో మిగిలిన పాళెములు జమీందారీలుగా మారెను. కత్తి పట్టినవాడు కచ్చేరి మెట్లెక్కి రసీదు పుచ్చుకొనువాడయ్యెను.

ఇక్కడనే మనకు ముల్లువంటి విషయమున్నది. ఎట్టయాపురము పాళెగాడు కంపెనీ పక్షమున నిలిచెను. పాంచాలంకురిచ్చి నేలలో భాగమును పొందెను. నేటికిని తమిళమున “ఎట్టప్పన్” అన్న ద్రోహి అని అర్థము. ఉరికంబమెక్కినవాడును ఇంట తెలుగు మాటలాడినవాడే, ఎదుట పక్షమువాడును ఇంట తెలుగు మాటలాడినవాడే. కావున “మీవాండ్లు వీరులు” అనినను, “మీవాండ్లు ద్రోహులు” అనినను మన భాష కందు కీర్తియు లేదు, అపకీర్తియు లేదు. ఇరుగుపొరుగు పాళెముల నడుమ పూర్వమే పొలిమేర వివాదములుండెను. పొరుగువారి వివాదమును ఆయుధముగా వాడుట ఏ సామ్రాజ్యమునకైనను తెలిసిన విద్య. మఱియొకటి. ఆ ఎట్టయాపురముననే ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో పరమపదించిరి. ఆ ఊరనే 1882లో సుబ్రహ్మణ్య భారతి జన్మించెను. ఊరికి ఒక్క పేరే అంటగట్టుట ఎంత అన్యాయమో చూడుడు.

తరువాతి కథ మన మండీల కథ. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టగా ఇంగ్లండు మిల్లులకు ప్రత్తి కరవై మన రేగడి ప్రత్తికి ధర లేచెను. “తిన్నెవెల్లి” అను పేరుతో మన సరుకు లివర్పూలు విపణికి పోయెను. 1876లో తూత్తుక్కుడికి రైలు వచ్చెను. నాటి విరుదుపట్టి, కోవిల్‌పట్టి పెరిగినవి ఆ దారివలననే. సామ్రాజ్యము మనకు మేలు చేసినదా, కీడు చేసినదా అని అడిగినచో రెండు పద్దులును వ్రాయవలెను. రైలు జమలో వ్రాయుదము. ధర లివర్పూలులో నిర్ణయమై, యుద్ధము ముగియగనే పడిపోగా అప్పుపడిన రైతును ఖర్చులో వ్రాయుదము.

అదే కాలమున ఆ సామ్రాజ్యము తెలుగువారిని మఱియొక వైపు తీసికొనిపోయెను. గోదావరి, విశాఖ తీరములనుండి వేలాది కూలీలు రంగూనుకు పోయిరి. అక్కడివారు వారిని కోరంగీలనిరి. 1930 మే నెలలో రంగూను రేవున బర్మా కూలీలకు, తెలుగు కూలీలకు ఘోరమైన కొట్లాట జరిగెను. 1942లో జపాను సైన్యము రాగా లక్షలాది భారతీయులు అడవులు కొండలు దాటి కాలినడకన వచ్చిరి. ఎందఱో దారిలోనే చచ్చిరి. వారి తప్పేమి? ఏమియు లేదు. సామ్రాజ్యము తెచ్చినవారిని సామ్రాజ్యము కాపాడదు. అది పోవునపుడు తన దస్తావేజులను తీసికొనిపోవును, మనుష్యులను విడిచిపోవును.

ఇది ఇచ్చటి వింత కాదు. రోము చక్రవర్తి ట్రాజను క్రీ.శ. 106లో దాకియా దేశమును జయించి జనమును తెచ్చి నిలిపెను. సుమారు 165 ఏండ్లకు రోము సైన్యము ఆ సీమను వదలి పోయెను. కాని లాటిను నుండి పుట్టిన భాషను నేటికిని ఆ దేశమున మాటలాడుచున్నారు. రుమేనియా అను పేరే అందుకు సాక్ష్యము. సైన్యము పోయెను, కప్పము పోయెను, తల్లులు బిడ్డలకు చెప్పిన మాట మిగిలెను.

మన వంతు చూచికొందము. తెలుగువారికి రాష్ట్రము కావలెనని పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో ఉపవసించి 1952 డిసెంబరు 15న ప్రాణము విడిచిరి. ఈ రాష్ట్రమునకు తమిళనాడు అని పేరు పెట్టవలెనని శంకరలింగనారుగారు మన విరుదునగరులో 1956 జూలై 27న ఉపవాసమారంభించి అక్టోబరు 13న ప్రాణము విడిచిరి. 1969లో ఆ పేరు వచ్చెను. ఆ ఇరువురి త్యాగముల నడుమ మన యిండ్లున్నవి. ఒకరిని పొగడుటకు మఱియొకరిని తగ్గింపనక్కఱలేదు. ఇరువురును కోరినది ఒకటే, ప్రజలు తమ భాషలో తమ్ము పాలించుకొనవలెనని. సామ్రాజ్యమునకు ఎదురుమాట అదియే. ఆ న్యాయము తమిళునకు చెల్లినచో, అల్పసంఖ్యాకుడైన తెలుగువానికి తన యింట, తన బడిలో కొంతయైనను చెల్లవలెను. 2011 జనాభా లెక్కలలో ఈ రాష్ట్రమున తెలుగు మాతృభాషగా చెప్పినవారు 42 లక్షలకు పైగా కలరు. రాజ్యాంగపు 350ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. 2006 చట్టముతో బడులలో తమిళము తప్పనిసరి యైనది. తమిళమును నేర్చుకొనుటకు మనకు అభ్యంతరము లేదు. అది మన అన్నపు భాష, పొరుగు భాష. దాని ప్రక్కన తెలుగునకు ఒక పీట వేయుమని మాత్రమే మన విన్నపము.

అయితే ప్రభుత్వమును అడుగుటకు ముందు మమ్ము మేము అడిగికొనవలెను. మా తప్పొకటి సభాముఖమున ఒప్పుకొందుము. మా ముత్తాతగారు తెలుగున వ్రాసిన జమాఖర్చు పుస్తకములు రెండు పెట్టెలు మా పాతయింటి అటకపై నుండెను. ఇరువదియేండ్ల క్రిందట ఇల్లు బాగుచేయించునపుడు, చదువలేని కాగితము మనకెందుకని, వానిని పాతకాగితములవానికి తూకమునకు అమ్మితిమి. ఎంత వచ్చెనో జ్ఞప్తికి లేదు. దానితో ఆ పూట పనివాండ్రకు టీ తెప్పించితిమి. ఎవరికి ఎంత అప్పిచ్చిరో, ఏ కరవులో ఎవరి బాకీ మాపు చేసిరో, ఎన్ని బస్తాలు తూత్తుక్కుడికి పోయెనో, అన్నియు అందుండెను. కంపెనీ తగులబెట్టలేదు, నవాబు దోచుకొనలేదు. మా చేతులతో మేమే తూచి యిచ్చితిమి. తూకము సరిగానే వేసితిమి, వెల మాత్రము తెలియలేదు. ఆ తరువాత ముప్పదియవ యేట అక్షరములు దిద్దుకొని తెలుగు చదువ నేర్చితిమి. చదువ వచ్చినది, చదువవలసినది పోయినది.

కావున మూడు పనులు కోరుచున్నాము. మొదటిది, మీ అటకలయందున్న తెలుగు కాగితము, తాటాకు, పెండ్లిపత్రిక ఏదైనను సంఘమునకు చూపక పాఱవేయవలదు. రెండవది, ప్రతి యాదివారము గంటసేపు పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పుదము. మా మండీ వెనుక గది, దీపము, పలకలు మా ఖర్చు. మూడవది, ఇంట ముసలివారు చెప్పు వలసకథలను వారి మాటలలోనే వ్రాసి ఈ పత్రికకు పంపుడు. అందు రాజులున్నను సరే, పరువెత్తినవారున్నను సరే.

మా కుమారునకు ఆ రాత్రి చెప్పిన సమాధానముతో ముగించెదము. “అయ్యా, మనలో కొందఱు ఏలిరి, పెక్కుమంది బ్రతుకను వచ్చిరి. ఏలినవారి కోటలు పడిపోయినవి. బ్రతుకను వచ్చినవారు త్రవ్విన బావులలో నీరింకను ఉన్నది. నిన్ను రాజన్నవాని యెదుట విఱ్ఱవీగకుము, వందేఱి అన్నవాని యెదుట తలవంచకుము. ఇరువురిని ఇంటికి పిలుచుకొని రమ్ము, మీ అమ్మ వడ్డించును” అంటిమి.

తరువాతి వారము ఇరువురును వచ్చిరి. మజ్జిగ త్రాగి పోయిరి. మావాడు వారికి తన పేరును తెలుగున వ్రాసి చూపవలెనని బలపము తీసికొని, రెండవ యక్షరము వద్ద ఆగి మావైపు చూచెను. ఆదివారపు తరగతి ఆవశ్యకత మాకు అప్పుడే తెలిసినది. వచ్చు ఆదివారము ఉదయము పది గంటలకు ఆరంభము. పిల్లలను పంపుడు. పెద్దలు వచ్చినను చోటున్నది.